ఆట గదిలో రొయ్యల గుంట

పిల్లల్ని ఆడించడం కూడా ఒక చదువేనని, దానికీ శిక్షణ ఉంటుందని నెల్లూరులో చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. మాది గూడూరు పక్క పల్లెలో వరి పండించుకునే కుటుంబం. మా ఇంట్లో పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తే పనీపాటా లేదా అని కసిరేవాళ్లు. అలాంటి ఇంట్లో పుట్టి, ఇన్నేళ్లూ ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ బతికిన నన్ను ఒక హాల్లో చాప మీద కూర్చోబెట్టి, బొమ్మలిచ్చి ఆడుకోమన్నారు. మనసుకు దెబ్బ తగిలిన పిల్లలు నోటితో చెప్పలేనిది ఆటలో చెబుతారట. మనం అడగకూడదట, దిద్దకూడదట, ‘శభాష్’ అని కూడా అనకూడదట. పక్కన కూర్చుని వాళ్లు చేసేది చూస్తూ, చూస్తున్నామని వాళ్లకు తెలియనిస్తే చాలట. పంతులమ్మను పట్టుకుని అడగొద్దు, దిద్దొద్దు అంటే నోరు కట్టేసి కూర్చోబెట్టినట్టే. మొదటి రోజు సాయంత్రానికే నా నాలుక దురద పెట్టింది.

మా బడి చిట్టమూరు వైపు, సముద్రానికి దగ్గర్లో ఉంది. ఒకప్పుడు చుట్టూ పొలాలుండేవి. ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు. శిక్షణ నుంచి తిరిగొచ్చి ఒక గది కావాలని అడిగితే, మా హెడ్మాస్టరు గారు మధ్యాహ్న భోజనం బియ్యం మూటలు, గుడ్ల అట్టలు పెట్టే కొట్టు చూపించారు. ఎలుకలు కూడా ఆడుకుంటున్నాయి, వాటిని కూడా చేర్చుకోండి మేడం అన్నారు. మంచి మనిషే గానీ, ఆట పేరు చెప్పి నేను క్లాసులు ఎగ్గొడతానని ఆయన అనుమానం. నాకు ఒళ్లు మండి, ఆ ఆదివారమే వెళ్లి మూటలన్నీ ఒక మూలకు నెట్టి, గోడలకు సున్నం కొట్టించాను. పాత చీరలు చించి బొమ్మలు కుట్టాను. గూడూరు సంతలో ప్లాస్టిక్ ఆవులు, బండ్లు, లక్క పిడతలు కొన్నాను. నీలం రంగు డ్రమ్మును అడ్డంగా కోయించి, ఒక సగంలో ఇసుక, ఒక సగంలో నీళ్లు పోసి పెట్టాను. ఇసుకకు మా వైపు కరువు లేదు.

ఆ గదిలోకి చాలామంది పిల్లలు వచ్చారు. చాలామంది బాగుపడ్డారు కూడా. కానీ నేను చెప్పదలచుకున్నది ఒక్క పిల్లవాడి గురించే. మూడో తరగతి. పేరు రాయను. వాళ్లింట్లో చిన్నోడు అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను.

చిన్నోడి నాయన రొయ్యల గుంటల కాపలాదారు. యజమాని ఎక్కడో పట్నంలో ఉంటాడు, గుంటల మంచీచెడూ అంతా ఈయనే చూసుకోవాలి. మేత చల్లడం, ఏరేటర్లు వేయడం, ఆపడం. అమ్మ షెడ్డులో రొయ్యల తలలు ఒలిచే పనికి వెళ్తుంది. ఇంట్లో ఒక అవ్వ, చిన్నోడికి ఒక అన్న. ఆ అన్న కూడా నా దగ్గర చదువుకున్నవాడే, హైస్కూలుకు వెళ్లాడు. ఒక సెలవు రోజున ఏరేటరు రెక్కలకు నాచు చుట్టుకుంటే తీయడానికి గుంటలోకి దిగాడు. ఆ సమయంలో కరెంటు లేదని, ఉన్నట్టుండి వచ్చిందని, నీళ్లలోనే పిల్లవాడు పోయాడని అందరూ చెప్పుకున్నారు. పాలెమంతా కరెంటును తిట్టుకుంది. పిల్లల్ని గుంటలోకి దించొద్దని తల్లి ఎన్నిసార్లు మొత్తుకుందో కూడా అందరికీ తెలుసు. వాళ్లు క్రైస్తవులు. చర్చి వెనక సమాధి చేశారు. నేనూ వెళ్లాను. తల్లి ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఊరికే నోరు తెరిచి మూస్తూ ఉంది. చిన్నోడు అవ్వ చెంగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాణ్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత చిన్నోడికి మాట పోయింది. బళ్లో పలకడు, ఇంట్లో పలకడు. పిలిస్తే చూస్తాడు. రాయమంటే రాస్తాడు. ఎవరైనా ఫ్యాన్ వేయడానికి గోడ మీది స్విచ్చి దగ్గరకు పోతే మాత్రం చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరేవాడు. మా వైపు ఎండలకు ఫ్యాన్ లేకుండా ఎలా? వాడి కోసం తరగతి మొత్తం చెమటలు కక్కుకుంటూ కూర్చునేది. పిల్లలు నయం, పెద్దవాళ్లలా విసుక్కోలేదు.

ఒక మధ్యాహ్నం వాడు భోజనం గంటకు కనిపించలేదు. మేం కబురు పంపితే వెతుక్కుంటూ పోయిన అవ్వకు గుంటలో కనిపించాడు. చొక్కాతోనే నీళ్లలోకి దిగి, నడుము లోతున కదలకుండా నిలబడి ఉన్నాడట. పుస్తకాల సంచి మాత్రం తడవకుండా గట్టు మీద పెట్టాడు. అవ్వ దిగి ఈడ్చుకొచ్చింది. కొన్నాళ్లకు మళ్లీ అదే పని చేశాడు. ఈసారి ఎవరో కూలీలు చూశారు కాబట్టి సరిపోయింది. మూడోసారి ఎవరూ చూడకపోతే ఏమిటన్న ఆలోచన నన్ను తినేసింది. అన్నం ముందు కూర్చుంటే అదే, బస్సులో కూర్చుంటే అదే. నెల్లూరులో శిక్షణ ఇచ్చిన ఆవిడకు ఫోన్ చేశాను. వెంటనే తీసుకురమ్మంది. తండ్రి గుంటలు వదిలి రాలేనన్నాడు, తల్లి షెడ్డులో పని పోతుందంది. నా సెలవు పెట్టి నేనే తీసుకెళ్తానంటే, బిడ్డను పిచ్చి డాక్టరుకు చూపిచ్చినారంటారు, వద్దు మేడం అన్నాడు తండ్రి. ఇంక నా చేతిలో ఉన్నది ఆ కొట్టు గదే.

వాణ్ని గదిలోకి తీసుకెళ్లిన రోజు వాడు వేరే బొమ్మల వైపు చూడలేదు. నేరుగా ఇసుక దగ్గర కూర్చుని గట్టు కట్టడం మొదలుపెట్టాడు. ఆ వయసు పిల్లలు ఇల్లు కడతారు, కోట కడతారు. వీడు కట్టింది రొయ్యల గుంట. గట్లు సమంగా, నీళ్లు పోయే తూముతో సహా కట్టాడు. పక్క డ్రమ్ములోంచి పిడతతో నీళ్లు తెచ్చి పోశాడు. చీపురు పుల్లకు సీసా మూతలు గుచ్చి ఏరేటరు చేశాడు. తర్వాత గుడ్డ బొమ్మ ఒకటి తీసి నీళ్లలో పెట్టాడు. పెద్ద బొమ్మను గట్టు మీద నిలబెట్టాడు. అన్నిటికంటే చిన్న బొమ్మను ఒక అట్టపెట్టెలో కూర్చోబెట్టి దూరంగా జరిపాడు. అప్పటిదాకా వాడి చేతులు చకచకా కదిలాయి. అక్కడికి రాగానే ఆగిపోయాయి. రెండు చేతులతో ఇసుక తోసి మొత్తం పూడ్చేశాడు. నేను ఏమీ అడగలేదు. నువ్వు గుంట కట్టావు, బొమ్మలు పెట్టావు, ఇప్పుడు అంతా పూడ్చేశావు అని మాత్రం అన్నాను.

అది మొదలు, వచ్చిన ప్రతిసారీ అదే ఆట. కట్టడం, పెట్టడం, పూడ్చడం. నాకు పిచ్చెక్కేది. నీళ్లలో ఉన్నది వాళ్లన్న అని తెలుస్తూనే ఉంది. గట్టు మీద ఉన్నది నాయన కావాలి. మరి ఆ అట్టపెట్టె ఏమిటి? వాళ్ల గుంటల దగ్గర ఆగి చూశాను. మోటార్ల స్టార్టరు ఉండే చిన్న షెడ్డు, గట్టుకు కొంచెం దూరంగా ఉంది. లోపల వేయడానికి పచ్చ బటను ఒకటి, ఆపడానికి ఎర్ర బటను ఒకటి. దాని తలుపు ముందు నిలబడగానే నాకు అర్థమైంది. అర్థమైంది అనుకోవడానికి మనసు ఒప్పలేదు. తొందరపడి అడిగేస్తానేమోనని భయపడి, తర్వాత వాడు గదిలోకి వచ్చినప్పుడు నా పైట కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

ఆ రోజు వాడు గట్టు మీది పెద్ద బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. అట్టపెట్టె వైపు తిప్పాడు. బొమ్మను కిందికీ పైకీ ఊపుతూ, మగవాడి గొంతు పెట్టి అన్నాడు.

“ఎయ్‌రా.”

అన్ని నెలల తర్వాత వాడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. అచ్చం వాళ్ల నాయన గొంతు. తర్వాత అట్టపెట్టెలోని చిన్న బొమ్మ చేతిని పెట్టె గోడకు ఆనించి నొక్కాడు. నీళ్లలోని బొమ్మను బోర్లా పడేశాడు. ఈసారి పూడ్చలేదు. నా వైపు చూశాడు. పెద్దాయన వెయ్యమన్నాడు, చిన్నవాడు వేశాడు అని నేను నెమ్మదిగా అన్నాను. వాడు తలూపి, నా ఒళ్లో తల పెట్టి పడుకున్నాడు. గంట కొట్టినా నేను లేవలేదు.

వాడి కొండంత బరువు దిగాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు, వాళ్ల నాయన. ‘నేనే వెయ్యమన్నాను, నీ తప్పేమీ లేదు’ అని ఆయన వాడికి చెప్పాలి. గదిలో పిల్లలు ఆడినది బయటికి చెప్పకూడదన్నది నియమం. ఆ నియమాన్ని కాస్త వంచి, ఆ ఒక్క మనిషి దగ్గరకే వెళ్లాను.

ఆయన తెప్ప మీద తిరుగుతూ మేత చల్లుతున్నాడు. నేను గట్టు మీద ఎండలో నిలబడి పిలిస్తే దిగి వచ్చాడు. విషయం చెప్పగానే, కరెంటొచ్చింది మేడం, అందరికీ తెలుసు గదా అన్నాడు. మొహం తిప్పుకుని మేత సంచి సర్దుకోసాగాడు. నాకు కోపం ఆగలేదు. మీ వాడు బొమ్మ చేత చెప్పించాడు, నీ గొంతుతో చెప్పించాడు అన్నాను. ఆయన మేత సంచి వదిలేసి గట్టు మీద కూర్చున్నాడు.

“అవతల గట్టెక్కినాడనుకున్నా మేడం,” అన్నాడు. “నీళ్లల్లో తల కనపడలా. ఎక్కినాడులే అనుకోని ఎయ్‌రా అన్నా.”

ఆ మాటే చిన్నోడికి చెప్పమన్నాను. బతిమాలాను. వాడు గుంటలోకి ఎందుకు దిగుతున్నాడో తెలుసా అని అడిగాను. ఆయన ఏడుస్తున్నాడు, అయినా తల అడ్డంగానే ఊపాడు. వాడికి చెబితే తల్లికి తెలుస్తుందట. పిల్లోళ్లను దించబాకని ఆమె కాళ్లు పట్టుకుని మరీ చెప్పిందట. తెలిస్తే ఆమె తనను చంపదు, తనే చచ్చిపోతుంది అన్నాడు. పిల్లవాడు చస్తే ఫరవాలేదా అని అరిచాను. పక్క గుంటలో మనుషులు తలెత్తి చూశారు. అప్పుడు నా ముందు చేతులు జోడించాడు. మీరు ఎవురికీ చెప్పబాకండి మేడం, నేనే చెప్తా అన్నాడు. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను?

ఆయన చెప్పలేదు. ఎదురుపడిన ప్రతిసారీ రేపు చెప్తా అనేవాడు. ఈలోగా చిన్నోడిలో మార్పు వచ్చింది. గదిలో ఒకటీ అరా మాటలు మాట్లాడేవాడు. ఇంట్లో నీళ్లు కావాలని నోటితో అడిగాడట. అవ్వ ఆ ముక్క చెప్పడానికి చెప్పుల్లేకుండా బడిదాకా పరిగెత్తుకొచ్చింది. నా చేతులు కళ్లకద్దుకుంది. నేనూ ఆమెతో పాటు ఏడ్చాను, అంత సంతోషంగా ఏడ్చి చాలా కాలమైంది. ఆ తర్వాత ఆమె ఇంకో మాట చెప్పింది. బిడ్డకు మాటొస్తే చర్చిలో వాడి చేతనే సాక్ష్యం చెప్పిస్తానని ఆమె దేవుడికి మొక్కుకుందట.

సాక్ష్యం అంటే వాళ్ల చర్చిలో పెద్ద సంగతి. జబ్బు నయమైనవాళ్లు, గండం గడిచినవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడు తమకు చేసిన మేలు మైకులో చెబుతారు. చెప్పేవాళ్లు ఒక్కో వాక్యం పూర్తి చేయగానే సంఘమంతా ‘స్తోత్రం’ అంటుంది. మా భజనల్లో గోవిందా అన్నట్టే. ఒప్పుకున్న సాక్ష్యం చెప్పకపోతే పొందిన మేలు చెయ్యి జారిపోతుందని అవ్వ భయం. నేను ఆమె గుమ్మంలో కూర్చుని బతిమాలాను. ఇప్పుడిప్పుడే మొలకెత్తిన మాట, నలుగురిలో నిలబెడితే మళ్లీ పోతుంది, కొన్నాళ్లు ఆగవ్వా అన్నాను. ఆమె నా గడ్డం పుణికి, అట్ట అనబాకమ్మా, దేవునికి బాకీ పడగూడదు అంది. ఆ ప్రేమతో ఎవరు పోట్లాడగలరు?

పాస్టరు అయ్యగారి దగ్గరకు వెళ్లాను. నెమ్మదస్తుడు. చాప వేయించి, మజ్జిగ ఇప్పించి, నేను చెప్పిందంతా విన్నాడు. నేను చెప్పింది సగమే, మిగతా సగం చెప్పే హక్కు నాకు లేదు. రెండే రెండు మాటలమ్మా, పోయిన మాట దేవుడిచ్చినాడు అంటే చాలు, బిడ్డకు ధైర్యమొస్తది అన్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. వచ్చేటప్పుడు దారిలో తండ్రి కనిపించాడు. ఆదివారం లోపు చెప్పమని నడిరోడ్డు మీద కాళ్లావేళ్లా పడ్డాను. వాణ్ని ఆ బరువుతో మైకు ముందుకు పంపొద్దన్నాను. చెప్తా మేడం, శనివారం తప్పకుండా చెప్తా అన్నాడు.

ఆదివారం అవ్వ నన్ను ఆడవాళ్ల వైపు ముందు వరసలో, చిన్నోడి తల్లి పక్కన కూర్చోబెట్టింది. చిన్నోడికి తెల్ల చొక్కా వేసి, తలకు నూనె రాసి దువ్వారు. తండ్రి మగవాళ్ల వైపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను చూశాను, ఆయన నన్ను చూడలేదు. శనివారం కూడా గడిచిపోయిందని అప్పుడే తెలిసింది. లేచి పిల్లవాణ్ని ఎత్తుకుని పారిపోవాలనిపించింది. అంతలోనే అయ్యగారు పిలిచారు. తల్లి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మైకు ముందు నిలబెట్టి, చెయ్యి వదలకుండా పక్కనే నిలబడింది.

“అందరికీ వందనాలు,” అన్నాడు చిన్నోడు. నేర్పించిన మాటే. వందనాలు అన్నారు అందరూ.

“నాకు మాట పోయింది.”

“స్తోత్రం.”

తర్వాతి వాక్యం అవ్వ పెదాలతో అందిస్తూనే ఉంది. వాడు ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశాడు, ఆట గదిలో చూసినట్టే. ఆ గదిలో ఏం చేసినా ఎవరూ తిట్టరని, ఏం చెప్పినా ఎవరూ దిద్దరని వాడికి తెలుసు. లోకం మొత్తం ఆ గదిలాగే ఉంటుందనుకున్నాడో ఏమో.

“మా అన్న గుంటలో ఉండాడు,” అన్నాడు.

“స్తోత్రం.”

“నేను షెడ్డులో ఉండా. పచ్చ బటను నేనే నొక్కినా. అన్న చచ్చిపోయినాడు.”

“స్తోత్రం,” అన్నారు వెనక కూర్చున్న ముసలమ్మలు. వాళ్లకు సరిగ్గా వినపడి ఉండదు. నోటికి అలవాటైన మాట. ముందు వరసల్లో మాత్రం ఎవరూ పలకలేదు. చిన్నోడు ఆ మాట విని బిత్తరపోయి వెనకటి వరసల వైపు చూశాడు. వాళ్లన్న చచ్చిపోయినందుకు అంతమంది దేవుణ్ని పొగుడుతున్నారని వాడు అనుకుని ఉంటాడు.

తల్లి వంగి వాడి మొహం చూసింది.

“ఎవురు నొక్కమన్నార్రా?”

“ఎవురూ అనలా.”

నేను లేచి నిలబడ్డాను. వాళ్ల మతం కాదు, వాళ్ల సంఘం కాదు, ఆ చోట నోరెత్తే అధికారం నాకు లేదు. ఆట గది నియమమూ నాకు గుర్తుంది. అయినా చెప్పేశాను. వాళ్ల నాయన ఎయ్యమంటేనే ఏసినాడమ్మా, కావాలంటే ఆయన్నే అడుగు అన్నాను. తలలన్నీ గోడ వైపు తిరిగాయి. ఆయన మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తి ‘అవును’ అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్ని నెలలుగా వాళ్ల గట్ల మీద తిరిగానో ఆయనకు తెలుసు. తల్లి ఆయన్ను అడగలేదు. మళ్లీ పిల్లవాణ్నే అడిగింది, మేడం చెప్పేది నిజమేనా అని.

చిన్నోడు తండ్రిని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మైకు వైపు తిరిగాడు, ఇంకా సాక్ష్యం చెబుతున్నట్టే.

“లేదమ్మా. మేడంకు తెలీదు. నాయన ఏం అనలా. నేనే నొక్కినా.”

ఆ మాట బయట కట్టిన స్పీకర్లోంచి పాలెమంతా వినబడింది. అప్పుడు వాణ్ని పట్టుకున్న తల్లి చెయ్యి విడిపోయింది. కావాలని విడిపించుకుందని నేను అనను. చేతిలో బలం లేనట్టు జారిపోయింది. వాడు ఆ చేతి కోసం తడుముకున్నాడు, ఆమె అప్పటికే రెండు చేతులతో మొహం కప్పుకుంది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ మోకరించారు. నిలబడి ఉన్నది నేనూ, చిన్నోడూ.

ఆ తర్వాత వాడు గుంటలోకి దిగలేదు. బాగా మాట్లాడేవాడు. పాఠం అప్పజెప్పేవాడు. మా బడిని చూడటానికి వచ్చిన అధికారులు మూగవాడికి మాటలు వచ్చాయని ఆట గదిని ఫోటోలు తీసుకుని, నన్ను మెచ్చుకుని వెళ్లారు. మా హెడ్మాస్టరు గారు కూడా బియ్యం మూటలు వేరేచోటికి మార్పించారు. చిన్నోడు మాత్రం మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. రమ్మంటే, వద్దులే మేడం, రాసుకోవాల అని పుస్తకం తీసేవాడు. వాడు నా మీద కోపం తెచ్చుకున్నా బాగుండేది. ఎంతో మర్యాదగా ఉండేవాడు. ఆ మర్యాదకు నేను ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని.

తల్లి ఒకరోజు తనే వచ్చింది. చిన్నోణ్ని గూడూరులో హాస్టల్లో వేస్తున్నామంది.

“వాడు పిల్లోడు, వాడికేం తెలుసు మేడం. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ అన్నం పెట్టేటప్పుడు చెయ్యి రావడంలా.”

నేను మళ్లీ చెప్పాను, జరిగింది జరిగినట్టు, గట్టు మీద ఆయన నాతో అన్న మాటలతో సహా. ఆమె అలసిపోయిన కళ్లతో విన్నది. మీరు చెప్పిందే నిజమైతే ఆయనెందుకు చెప్పడు, వాడెందుకు చెప్పడు అంది. పిల్లవాడి మీద ప్రేమతో నేను ఏదో కల్పిస్తున్నానని ఆమె నమ్మకం. తండ్రి దగ్గరకు ఇంకోసారి పోయాను. తిట్టాను, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అన్నీ పడ్డాడు. వాడు అట్ట జెప్తాడని నేను అనుకోలేదు మేడం, ఇప్పుడు నేను చెప్తే ఎవురు నమ్ముతారు అన్నాడు. నేను నమ్ముతాను, వాడు నమ్ముతాడు, చాలదా అన్నాను. సరే చెప్తా అన్నాడు. ఆ మాట వినీ వినీ నాకు అసహ్యం పుట్టింది.

హాస్టల్‌కు వెళ్లే రోజు తండ్రి మోపెడ్ మీద వాణ్ని తీసుకొచ్చాడు. ముందు రేకు పెట్టె, వెనక పరుపు చుట్ట. ఆయన గేటు దగ్గరే బండి దిగకుండా ఉన్నాడు. చిన్నోడు లోపలికొచ్చి, పోయొస్తా మేడం అన్నాడు. వాణ్ని పక్కకు తీసుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, భుజాలు పట్టుకున్నాను. ఇంక నియమాలు ఎవరికి కావాలి? నువ్వు ఏ తప్పూ చేయలేదురా, నీకు చెప్పినవాళ్లు చెప్పారు, నువ్వు నొక్కావు, అంతే అన్నాను. అది ఆయన చెప్పాల్సిన మాట. నా నోట్లోంచి వస్తే దానికి బలం లేదు. నాకే తెలుస్తోంది.

“తెలుసు మేడం,” అన్నాడు.

మరి ఆ రోజు ఎందుకలా చెప్పావురా అని అడిగాను. వాడు గేటు వైపు చూసి గొంతు తగ్గించాడు.

“నన్నైతే మాయమ్మ హాస్టల్‌కు పంపిస్తా ఉంది. నాయననైతే యాడికి పంపిస్తది మేడం?”

గేటు దగ్గర తండ్రి హారన్ కొట్టాడు. బస్సు టైమవుతోందని చేత్తో సైగ చేశాడు. చిన్నోడు పరిగెత్తి వెళ్లి, పరుపు చుట్ట మీదికెక్కి, తండ్రి నడుము చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకున్నాడు. బండి కదిలింది.